న్యూ ఆర్లీన్స్ పాట్ ఓబ్రయన్స్: వెళ్లే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యూస్టన్ నుంచి లాంగ్ వీకెండ్‌కి న్యూ ఆర్లీన్స్ బయల్దేరే మనవాళ్లు నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. చాలామంది పాట్ ఓబ్రయన్స్‌కి పొడుగాటి గ్లాసులో ఎర్రటి డ్రింకు పట్టుకుని ఫొటో దిగడానికి వెళ్తారు. దిగండి, తప్పేం లేదు. కానీ ఫొటో అయ్యాక బయటికి వచ్చేయకండి. లోపల ఒక హాల్లో రెండు పియానోలు ఉంటాయి. వెళ్లాల్సింది వాటి కోసం.

ఇంతకీ ఇది బారా, రెస్టారెంటా, మ్యూజిక్ హాలా?

మూడూ. ఒకే పాత ఇంట్లో, మధ్యలో ఉన్న పెద్ద పెరడు చుట్టూ ఇవన్నీ సర్దుకుని ఉంటాయి. వీధి మీంచి చూస్తే లోపల ఇంత చోటు ఉందని అనిపించదు. పూర్వం గుర్రబ్బండి లోపలికి పోవడానికి కట్టిన దారే ఇప్పుడు జనం నడిచే దారి. ఆ దారి దాటితే పెరడు, చెట్లు, టేబుళ్లు, మధ్యలో ఒక ఫౌంటెన్. ఫౌంటెన్‌లో నీళ్ల మధ్య నుంచి మంట లేస్తూ ఉంటుంది. రాత్రిపూట చూడండి, పగలు చూస్తే ఏమీ అనిపించదు. వీధి వైపు గదిలో మామూలు బారు, ఇంకోవైపు పియానో హాలు, భోజనానికి వేరే చోటు. ఆకుపచ్చ కోటు వేసుకున్న సిబ్బంది కనిపిస్తే సరైన చోటికే వచ్చినట్టు.

ఎక్కడుంది? కారులో వెళ్లొచ్చా?

ఊళ్లో పాత భాగమైన ఫ్రెంచ్ క్వార్టర్‌లో, సెయింట్ పీటర్ వీధి, 718వ నంబరు. రాయల్ వీధికీ బోర్బన్ వీధికీ మధ్యన. జాక్సన్ స్క్వేర్ దగ్గర నదికి వీపు పెట్టి నిలబడితే, చర్చికి ఎడమ పక్కన ఉన్న వీధిలో రెండు బ్లాకులు పైకి నడవాలి, అంతే.

హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద సుమారు 350 మైళ్లు. ఆగకుండా పోతే అయిదున్నర గంటలు. మధ్యలో అట్చఫలాయా చిత్తడి నేలల మీద 18 మైళ్ల పొడవున వంతెన వస్తుంది, దాన్ని వెలుతురులో దాటేలా ప్లాన్ చేసుకోండి. ఊళ్లోకి వచ్చాక మాత్రం కారు హోటల్లోనే వదిలేయండి. ఈ వీధులు గుర్రబ్బళ్ల కాలంలో వేసినవి. పార్కింగ్ దొరకదు, దొరికిందనుకున్న చోట బోర్డు సరిగ్గా చదవకపోతే కారు టోయింగ్ వాళ్లు పట్టుకుపోతారు. మాకు ఒకసారి అలాగే అయింది. పాటలు విని హుషారుగా బయటికి వస్తే కారు లేదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఎప్పటి చోటు ఇది?

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా దేశమంతటా మద్యనిషేధం. మన దగ్గర 1995లో పెట్టి 1997లో ఎత్తేసిన నిషేధం గుర్తున్నవాళ్లకి ఆ రోజులు ఎలా ఉండేవో ఊహించుకోవడం కష్టం కాదు. ముందు తలుపు మూస్తే వెనక తలుపు తెరుచుకుంటుంది. ఓబ్రయన్ అనే ఆయన అప్పట్లో ఇదే వీధిలో ఒక చాటు బారు నడిపేవాడు. లోపలికి రావాలంటే తలుపు దగ్గర ఒక మాట చెప్పాలి. ‘తుఫాను ముసురుకుంటోంది’ అనేదే ఆ మాట అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1933 డిసెంబరు 3న అది చట్టబద్ధమైన బారుగా మారిందని ఆ చోటు వాళ్లు చెప్పే లెక్క. దేశంలో నిషేధం అధికారికంగా పోయింది డిసెంబరు 5న. ఆ రెండు రోజుల తేడాని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఇప్పుడున్న ఇంట్లోకి మారింది 1942లో.

ఇల్లు ఇంకా పాతది, 1791 నాటిదంటారు. ఆ సంవత్సరానికి ఒక విశేషం ఉంది. 1788లో వచ్చిన అగ్నిప్రమాదంలో ఇక్కడ 856 కట్టడాలు కాలిపోయాయి. 1794లో మళ్లీ ఇంకో పెద్ద మంట, ఇంకో రెండు వందల పైచిలుకు పోయాయి. ఈ ఇల్లు ఆ రెండు మంటలకీ మధ్యలో కట్టిందన్నమాట. అప్పట్లో ఊరు స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. అందుకే పేరుకి ఫ్రెంచ్ క్వార్టర్ అయినా లోపలి పెరళ్లు, కమానులు, ఇటుక గోడలు స్పెయిన్ పద్ధతిలో కనిపిస్తాయి. చుట్టూ వసారాలు, మధ్యలో ఆకాశం. మన మండువా లోగిలి చూసి పెరిగినవాళ్లకి అక్కడ అడుగుపెట్టగానే చనువుగా అనిపిస్తుంది. నాకైతే అలాగే అనిపించింది.

రెండు పియానోలు ఎందుకు? ఒకటి చాలదా?

నన్ను ఎవరు ఏ ప్రశ్న అడిగినా చివరికి నేను చెప్పేది దీని గురించే.

హాల్లో ఒక వేదిక, దాని మీద రెండు బేబీ గ్రాండ్ పియానోలు. రెండిటికీ పైన రాగి రేకు తాపడం. దీపాల వెలుగు పడితే కడిగి బోర్లించిన రాగి బిందెల్లా మెరుస్తాయి. వాయించే ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు. ఇలాంటి వాయిద్యాన్ని ఇంగ్లిషులో ద్వంద్వ యుద్ధం అన్న అర్థం వచ్చేలా ‘డ్యూయలింగ్ పియానోలు’ అంటారు. పద్ధతి ఇక్కడే మొదలైందని అమెరికాలో చాలామంది నమ్మకం. 1990లో సిన్సినాటీలో హౌల్ ఎట్ ద మూన్ అనే బారు తెరిచాక అది ఊరూరా పాకింది.

పేరు యుద్ధమే గానీ జరిగేది యుద్ధం కాదు. ఒకరు పాట ఎత్తుకుంటారు, రెండోవాళ్లు కింది స్వరాలతో పాటకి నేల వేస్తారు. చరణం మారగానే పాత్రలు మారిపోతాయి. మన బుర్రకథలో కథకుడికి వంతలు ఎలాగో అలాగ, కాకపోతే ఇక్కడ నిమిషానికోసారి కథకుడు వంతవుతాడు, వంత కథకుడవుతాడు. ముందు రాసిపెట్టుకున్న కాగితాలు ఉండవు. జనం అడిగిన పాట వాయించాలి, అదీ ఇద్దరికీ ఒకే శ్రుతిలో కుదరాలి. ఇలాంటి చోట్ల వాయించేవాళ్లు వేళ్లతో సైగ చేసుకునే అలవాటు ఒకటుంది. అది పాట శ్రుతి చెప్పుకోవడానికి. ఎన్ని వేళ్లు పైకి చూపితే ఆ శ్రుతిలో అన్ని షార్పులు (అరమెట్టు పెంచిన స్వరాలు), ఎన్ని కిందికి చూపితే అన్ని ఫ్లాట్లు (అరమెట్టు దించిన స్వరాలు). పాట మొదలయ్యే ముందు వాళ్ల చేతులు గమనించండి.

మా నాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆయన్ని తీసుకెళ్లాను. ఆయన మా ఊరి భజన మందిరంలో ముప్ఫై ఏళ్లు హార్మోనియం వాయించారు. మందు ముట్టరు. బారుకి అనగానే మొహం చిట్లించారు. ‘పియానో ఉంది నాన్నా’ అంటే వచ్చారు. సోడా గ్లాసు ముందు పెట్టుకుని, నిటారుగా కూర్చుని, పావుగంట ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని, ‘ఎడమ చెయ్యి చూడరా’ అన్నారు. నేను అప్పటిదాకా పాడేవాళ్ల మొహాలే చూస్తున్నాను. హార్మోనియం వాయించేవాడికి ఎడమ చెయ్యి తిత్తి ఆడించడానికే సరిపోతుంది. పాటంతా కుడిచేతి పనే. ఇక్కడ పియానో వాయిస్తున్న ఆమె కుడిచెయ్యి పాడుతూ ఉంటే ఎడమచెయ్యి మృదంగం పనీ తంబురా పనీ రెండూ చేసేస్తోంది. నోటితో పాడుతోంది. కళ్లతో ఎదుటి పియానో మనిషిని అడుగుతోంది. మధ్యలో ఎవరో ఇచ్చిన కాగితం కూడా చదువుతోంది. నాన్న కాసేపటికి టేబుల్ అంచు మీద తన ఎడమచేతి వేళ్లు ఆడించడం మొదలుపెట్టారు. ఆ రాత్రి నుంచి నేను కూడా ముందు ఎడమచెయ్యే చూస్తున్నాను.

పాట ఎలా అడగాలి?

టేబుల్ మీద ఉన్న కాగితం ముక్క మీదో నాప్‌కిన్ మీదో పాట పేరు రాసి, దానితో పాటు కొంత డబ్బు పెట్టి పియానో మీద ఉంచాలి. లేదా సర్వ్ చేసేవాళ్ల చేతికి ఇవ్వాలి. గట్టిగా అరిచి అడగకండి. కాగితం వాళ్లకి అందినా మీ పాట వెంటనే రాదు, వరస ఉంటుంది.

డబ్బు ఇవ్వడం ఎబ్బెట్టుగా అనిపిస్తోందని కొందరు నాతో అన్నారు. అలా అనుకోకండి. మన ఊళ్లల్లో పౌరాణిక నాటకం ఆడుతుంటే, పద్యం నచ్చినవాళ్లు వన్స్‌మోర్ అని ఈల వేసి, స్టేజీ ఎక్కి నటుడి చొక్కాకి నోటు పిన్నుతో గుచ్చి దిగేవాళ్లు. నటుడు మళ్లీ అదే పద్యం ఎత్తుకునేవాడు. ఆ మర్యాదా ఈ మర్యాదా ఒకటే. నోటు చిన్నదైనా ఫరవాలేదు, కానీ చిల్లర నాణేలు పెట్టకండి.

ఒక సలహా. పదిమందికి తెలిసిన పాట అడగండి. హాలంతా కలిసి పాడటమే ఇక్కడి ఆనందం. మీకు ఒక్కరికే తెలిసిన పాట అడిగితే వాళ్లు వాయిస్తారేమో గానీ హాలు చప్పబడిపోతుంది.

హరికేన్ అంటే ఏంటి? అంత పేరెందుకు?

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విస్కీకి కటకట వచ్చింది. కరేబియన్ దీవుల నుంచి రమ్ము మాత్రం నదిలో ఓడల మీద గుట్టలుగా దిగేది. దాంతో హోల్‌సేల్ వాళ్లు ఒక కేసు విస్కీ కావాలంటే ఇన్ని కేసుల రమ్ము కొనాల్సిందేనని మెలిక పెట్టారు. ఒక్క కేసుకి యాభై కేసులని కూడా చెబుతారు. రేషన్ షాపులో పంచదార కావాలంటే ఇంకో సరుకు అంటగట్టినట్టన్నమాట. అలా పేరుకుపోయిన రమ్మును వదిలించుకోవడానికి పుట్టిందే ఈ డ్రింకు. రమ్ము, ప్యాషన్ ఫ్రూట్, నిమ్మరసం.

పేరు తుఫాను నుంచి నేరుగా వచ్చింది కాదు, గ్లాసు ఆకారం నుంచి వచ్చింది. కరెంటు పోతే మనం వెలిగించుకునే హరికేన్ లాంతరు ఉంది కదా, దాని గాజు చిమ్నీని ఊహించుకోండి. సన్నటి నడుము, ఉబ్బిన పొట్ట. అదే ఆకారంలో గ్లాసు. పట్టేది 26 ఔన్సులు, అంటే ముప్పావు లీటరు పైమాటే, ఐసుతో కలిపి.

పాత పద్ధతి లెక్కలో ఇందులో నాలుగు ఔన్సుల రమ్ము పడుతుంది. దాదాపు 120 మిల్లీలీటర్లు. మన లెక్కలో రెండు పెద్ద పెగ్గులు ఒక్క గ్లాసులో. తియ్యగా, పళ్లరసంలా ఉంటుంది కాబట్టి నాలిక్కి తెలియదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను రెండు తాగాను. పియానో వాళ్లు ఏం వాయించారో సగం గుర్తు లేదు. ఆ సాయంత్రం పోగొట్టుకున్నానని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒకటి తీసుకోండి, ఇద్దరు పంచుకోండి, పక్కన మంచినీళ్లు పెట్టుకోండి.

తాగనివాళ్లం. మమ్మల్ని వింతగా చూస్తారా?

చూడరు. రమ్ము లేని హరికేన్ అడగండి, సోడా అడగండి. ఏదో ఒకటి ఆర్డర్ చేసి సర్వ్ చేసినవాళ్లకి టిప్ ఇస్తే చాలు. అమెరికాలో మామూలుగా ఇచ్చే 18, 20 శాతమే.

వెజిటేరియన్లకి ఏమైనా దొరుకుతుందా?

నిజం చెప్పాలంటే కష్టం. ఇక్కడే కాదు, న్యూ ఆర్లీన్స్ వంటంతా అంతే. కూరగాయల వంటకంలా కనిపించే దాంట్లో కూడా అడుగున మాంసపు రసమో పంది మాంసం ముక్కో ఉంటుంది. రెడ్ బీన్స్ అండ్ రైస్ చూడగానే రాజ్మా అన్నం అనుకుని ఆశపడతాం. పూర్వం ఇళ్లల్లో సోమవారం బట్టలుతికే రోజు. ఆదివారం మిగిలిన హామ్ ఎముక వేసి ఆ గింజల్ని పొద్దుట్నుంచీ సన్నటి సెగ మీద వదిలేసేవాళ్లు. ఆ రుచే దానికి ప్రాణం. కాబట్టి బీఫ్, పోర్క్ తిననివాళ్లు ప్రతి వంటకానికీ విడిగా అడిగి తెలుసుకోండి.

తినేవాళ్లకి మాత్రం పండగ. గంబో రుచి చూడండి. ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచే గంబో అన్న మాట వచ్చిందంటారు. బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు ఆ కాయా, ఆ మాటా ఈ ఊరికి వచ్చాయి. పిండిని కొవ్వులో చాక్లెట్ రంగు వచ్చేదాకా ఓపికగా వేయించి, అందులో రొయ్యలో కోడి మాంసమో సాసేజో వేసి వండుతారు. బెండకాయ వేస్తే ఆ జిగురుకి పులుసు చిక్కబడుతుంది. బెండకాయ పులుసు తిని పెరిగినవాళ్లం, మనకి ఆ జిగురు కొత్త కాదు. జంబలాయా అంటే ఇంచుమించు మన పులావు దారిలోదే.

నా అలవాటు చెబుతాను. శాకాహారులు వెంట ఉంటే ముందు ఇంకెక్కడైనా భోజనం ముగించి, ఇక్కడికి పాట కోసమే వస్తాం. ఆఖర్న జాక్సన్ స్క్వేర్ ఎదురుగా 1862 నుంచి ఉన్న కెఫే దు మాండ్‌లో కాఫీ, పంచదార పొడి చల్లిన బేన్యేలు (నూనెలో వేయించే పిండివంట). ఆ కాఫీలో చికోరీ కలుపుతారు. మొదటి గుక్కకే నాన్న, ‘ఇది మన కాఫీరా’ అన్నారు.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? ఐడీ అడుగుతారా?

పియానో హాలు పెద్దవాళ్లది. 21 నిండనివాళ్లకి అక్కడ చోటు లేదు. భోజనం వైపు పిల్లలతో కూర్చోవడం గురించి గుమ్మం దగ్గరే అడిగి తెలుసుకోండి. ఐడీ తప్పకుండా చూపించాలి, తల నెరిసినా సరే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులు వెంట పెట్టుకోండి.

పళ్లెం వాయించే పెద్దాయన గురించి విన్నాం. ఇప్పటికీ ఉన్నారా?

లేరు. ఎడ్డీ గేబ్రియల్ అని, అందరూ మిస్టర్ ఎడ్డీ అనేవారు. దర్జీలు కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే లోహపు తొడుగులు పది వేళ్లకీ పెట్టుకుని, సర్వింగ్ ట్రేని బోర్లించి, పియానోల పక్కన నిలబడి దాని మీద లయ వాయించేవారు. దశాబ్దాల పాటు అదే ఆయన పని. ఘటం విద్వాంసుడి వేళ్లు చూసినవాళ్లకి అది ఎంత విద్యో చెప్పక్కర్లేదు.

2005 ఆగస్టు 29న కత్రీనా తుఫాను వచ్చింది. కరకట్టలు తెగి నగరంలో 80 శాతం మునిగింది. ఫ్రెంచ్ క్వార్టర్ నది ఒడ్డు మెరక మీద ఉంది కాబట్టి చాలావరకు నీళ్లు రాలేదు, ఈ పెరడూ ఈ పియానోలూ నిలబడ్డాయి. మిస్టర్ ఎడ్డీ మాత్రం ఆ వరదలో పోయారు. ఆయన వయసు 95. దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగిన నాకు, హరికేన్ అని పేరున్న గ్లాసు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నప్పుడల్లా ఆయన గుర్తుకొస్తారు. నేను ఆయన్ని చూడలేదు. చూసినవాళ్లు చెబుతుంటే విన్నాను.

ఎప్పుడు వెళ్తే మంచిది?

మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు. వేసవిలో గాలి విజయవాడ జూన్‌లా ఉంటుంది, పెరట్లో కూర్చోలేం. మార్డి గ్రా అనే కార్నివాల్ పండగ రోజుల్లో ఆ వీధిలో కాలు పెట్టే చోటుండదు. ఏప్రిల్ చివర్లో జాజ్ ఫెస్ట్ అప్పుడు కూడా రద్దీనే. వారం మధ్యలో, సాయంత్రం పియానోలు మొదలయ్యే వేళకి ముందే వెళ్తే వేదికకి దగ్గరగా టేబుల్ దొరుకుతుంది. టైమింగులు మారుతుంటాయి, వెళ్లే రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

గ్లాసు పట్టుకుని వీధిలోకి రావచ్చా?

ఈ ఊళ్లో డ్రింకు చేత్తో పట్టుకుని నడవడం తప్పు కాదు, కానీ గాజు గ్లాసుతో కుదరదు. వెళ్లేటప్పుడు ప్లాస్టిక్ కప్పు అడిగి అందులో పోసుకోండి. లాంతరు గ్లాసు జ్ఞాపకంగా కావాలంటే కొనుక్కుని జాగ్రత్తగా చుట్టి తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో అలాంటిది ఒకటి అగరొత్తులు పెట్టుకోవడానికి వాడుతున్నాం.

అదే వీధిలో ఇంకేమైనా ఉందా?

పక్కిల్లే ప్రిజర్వేషన్ హాల్, 726వ నంబరు. 1961 నుంచి అక్కడ పాత పద్ధతి జాజ్ వాయిస్తున్నారు. చిన్న గది, బెంచీలు, నేల మీద కూర్చునేవాళ్లు, మందు అమ్మరు. కచేరీ ముప్పావు గంట. టికెట్ ముందే తీసుకోండి. అది విని, ఆ తర్వాత ఇటు రండి. పిల్లలతో వచ్చినవాళ్లకి, మందు వాసన కూడా పడనివాళ్లకి అదే మేలు.

తెలుగు పాట అడగొచ్చా?

అడగొచ్చు గానీ రాకపోతే నొచ్చుకోవద్దు. వాళ్లు వేల పాటలు గుర్తుపెట్టుకుని వాయిస్తారు, అవన్నీ ఆ హాల్లోకి వచ్చే జనం నోళ్లలో నానినవి. మన పాట వాళ్ల చెవిన పడి ఉండాలి కదా.

నాన్న కూడా ఒక కాగితం రాయమన్నారు. ఏ పాట నాన్నా అంటే, ‘పాట పేరు వద్దు. వాళ్లకి ఇష్టమైంది వాయించమని రాయి’ అన్నారు. అలాగే రాసి, అయిదు డాలర్లు మడిచి పెట్టి, ఆయనే లేచి వెళ్లి పియానో మీద పెట్టి వచ్చారు. ఆమె చదివి ఎదుటి పియానో దగ్గరున్న ఆయన వైపు చూసింది. ఆయన రెండు వేళ్లు కిందికి చూపించాడు. నెమ్మదైన పాట ఏదో ఎత్తుకున్నారు, మాటలు లేవు, ఎవరూ కలిసి పాడలేదు. గ్లాసుల చప్పుడు కూడా తగ్గింది. నాన్న టేబుల్ మీద చెయ్యి ఆడించడం ఆపేసి విన్నారు.